సిలబస్‌లో లేని సరస్సు

2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరు వన్‌టౌన్‌లో జనం ఉన్నట్టుండి కళ్ళు తిరిగి పడిపోవడం మొదలైంది. మూర్ఛ, నోట నురగ, కాసేపటికి తేరుకోవడం. పడమర వీధి, దక్షిణపు వీధుల నుంచి అంబులెన్సులు ఆగకుండా ప్రభుత్వాసుపత్రికి తిరిగాయి. వారం గడిచేసరికి బాధితుల సంఖ్య 600 దాటింది. రక్తం, కుళాయి నీళ్ళు, పాలు, కూరగాయల నమూనాలు ఢిల్లీ ఎయిమ్స్‌కు, హైదరాబాద్‌లోని ఐఐసీటీకి, సీసీఎంబీకి, జాతీయ పోషకాహార సంస్థకు, పుణె వైరాలజీ సంస్థకు వెళ్ళాయి. ఎయిమ్స్ పరీక్షల్లో సీసం, నికెల్ బయటపడ్డాయి. పురుగుమందుల అవశేషాల మీదా నిపుణులు అనుమానం వ్యక్తం చేశారు.

ఆ నమూనాలు ఏ ఏ ఊళ్ళకు వెళ్ళాయో చదివినప్పుడు కలిగిన బాధ నాకు ఇంకా పోలేదు. అప్పటికి ఏలూరులో 75 ఏళ్ళ డిగ్రీ కళాశాల ఉంది. 67 ఏళ్ళ మహిళా కళాశాల ఉంది. ముప్ఫై ఏళ్ళు దాటిన ఇంజినీరింగు కళాశాల, ఇరవై ఏళ్ళు దాటిన వైద్య కళాశాల ఉన్నాయి. గంట ప్రయాణంలో తాడేపల్లిగూడెం దగ్గర ఒక ఉద్యాన విశ్వవిద్యాలయం, ఒక ఎన్‌ఐటీ ఉన్నాయి. ఖరీదైన పరికరాలు మహానగరాల్లోనే ఉంటాయి, అందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. కానీ నిరుడు ఇదే నెలలో మా కాలవ నీళ్ళలో ఇంత సీసం ఉంది, ఇంత పురుగుమందు ఉంది అని రిజిస్టరు తెరిచి చూపించాల్సింది ఢిల్లీ కాదు. ఆ నీళ్ళే తాగుతూ పాఠాలు చెప్పేవాళ్ళు, చదువుకునేవాళ్ళు చూపించాలి. ఈ పని మన చదువులకు ఎందుకు అలవాటు కాలేదు? ఇక్కడికి చదువులు వచ్చిన దారి చూస్తే కొంత అర్థమవుతుంది.

ఏలూరుకు కూతవేటు దూరంలోని పెదవేగే ఒకనాటి వేంగి. శాలంకాయనులూ ఆ తరవాత తూర్పు చాళుక్యులూ అక్కడి నుంచి రాజ్యం చేశారు. ఏడో శతాబ్దంలో ఆంధ్రదేశం మీదుగా వెళ్ళిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ఈ దేశపు రాజధానిని పింగ్-కి-లో అన్నాడు. అది వేంగేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఆ నగరానికి నైరుతి దిక్కున ఒంటరి కొండ మీద ఒక రాతి స్తూపం ఉందని, దిఙ్నాగుడు హేతువిద్యను రచించింది అక్కడేనని రాశాడు. కామవరపుకోట దగ్గరి గుంటుపల్లి కొండను తొలిచిన బౌద్ధ విహారాలు అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందువి. ఇక్కడ విశ్వవిద్యాలయం ఉండేదని గొప్పలు చెప్పడానికి ఇదంతా ఎత్తడం లేదు. దిఙ్నాగుడి తర్కంలో ఒక మాట మాత్రం ఈ నేల వాళ్ళం గుర్తుపెట్టుకోవాలి. ఆయన ఒప్పుకున్న ప్రమాణాలు రెండే: ప్రత్యక్షం, అనుమానం. స్వయంగా చూసినది, చూసినదాన్ని బట్టి తర్కించి తేల్చుకున్నది. పెద్దలు చెప్పారన్న మాటకు మూడో ప్రమాణంగా చోటు ఇవ్వలేదు.

ఆధునిక విద్య మనకు ఆ మూడో దారిలోనే వచ్చింది.

1843లో బందరులో రాబర్ట్ నోబుల్ పెట్టిన బడి, 1853లో రాజమండ్రిలో మొదలైన ప్రభుత్వ విద్యాలయం కాలక్రమంలో కళాశాలలయ్యాయి. ఏలూరు పక్కనున్న కొల్లేరు సరస్సు చుట్టుపక్కల పిల్లవాడు పై చదువు చదవాలంటే అటు బందరు, ఇటు రాజమండ్రి, కాకినాడ. రెండు డెల్టాల మధ్య పల్లంలో ఆ సరస్సు ఉన్నట్టే, రెండు చదువుల ఊళ్ళ మధ్య పల్లంలో ఏలూరు ఉండేది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు దానికి నమూనా అప్పటి లండన్ విశ్వవిద్యాలయం. పాఠం చెప్పేది కళాశాల. సిలబస్ రాసేది, ప్రశ్నపత్రం ఇచ్చేది, జవాబులు దిద్దేది, పట్టా ఇచ్చేది ఎక్కడో ఉన్న విశ్వవిద్యాలయం. దీన్నే మనం ఇవాళ్టికీ అఫిలియేషన్ అంటున్నాం.

తెలుగువాళ్ళకు సొంత విశ్వవిద్యాలయం కావాలన్న కోరిక, సొంత రాష్ట్రం కావాలన్న కోరిక కలిసి పెరిగాయి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడలో ఏర్పడింది. కట్టమంచి రామలింగారెడ్డి తొలి ఉపాధ్యక్షుడు. ఏ ఊళ్ళో ఉండాలన్న దాని మీద కొన్నేళ్ళు వాదులాట నడిచి 1930లో వాల్తేరు చేరింది. బెజవాడ ఏలూరుకు 60 కిలోమీటర్లు. వాల్తేరు 290. అదే రైలు మార్గం, కానీ సొంత విశ్వవిద్యాలయం వచ్చిన నాలుగేళ్ళకే మనకు ఒక రాత్రి ప్రయాణం దూరమైంది. వాల్తేరుకు వెళ్ళడం తప్పని నేను అనను. అక్కడ సముద్రం ఒడ్డున రెడ్డిగారూ సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారూ కట్టిన సంస్థ తెలుగు జాతికి చేసిన మేలు చిన్నది కాదు. బ్రిటిష్ ప్రభుత్వ దమనకాండకు నిరసనగా రెడ్డిగారు ఉపాధ్యక్ష పదవినే వదులుకున్నారు. 1936లో మళ్ళీ వచ్చి 1949 దాకా నడిపారు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన 1945లో కొల్లేటికి రెండు పక్కలా రెండు కళాశాలలు మొదలయ్యాయి. ఏలూరులో సర్ సి.ఆర్. రెడ్డి కళాశాల, భీమవరంలో ఇప్పటి డి.ఎన్.ఆర్. కళాశాల. రెండూ ప్రభుత్వం కట్టించినవి కావు. డెల్టా రైతులు, వ్యాపారులు, న్యాయవాదులు చందాలు వేసుకుని, పొలాలు రాసిచ్చి నిలబెట్టుకున్నవి. ఈ జిల్లాల్లో ఎన్నో పాత కళాశాలల పుట్టుక ఇలాంటిదే. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953లో జె.ఎం.జె. సిస్టర్లు ఏలూరులో సెయింట్ థెరిసా మహిళా కళాశాల తెరిచారు. ఆడపిల్లను బందరు పంపి చదివించే ధైర్యం లేని ఇళ్ళలో అప్పుడు పట్టభద్రులు పుట్టారు. ఆ ఇళ్ళలో ఏం మారిందో నేను ఎరుగుదును. రేషన్ కార్డు దరఖాస్తు నుంచి పొలం దస్తావేజు దాకా అమ్మ చదివి, చెప్పి, సంతకం పెట్టే ఇల్లు వేరుగా ఉంటుంది.

ఇంత సొంతంగా కట్టుకున్న కళాశాలలకు సొంత పాఠం మాత్రం లేదు. వృక్షశాస్త్రం మేష్టారు కిటికీలోంచి చూస్తే గుర్రపుడెక్క కనిపిస్తుంది. ప్రయోగానికి మాత్రం పుస్తకంలో ఉన్న మొక్కే తేవాలి. జంతుశాస్త్రం పిల్లలు సీసాలో నానబెట్టిన నమూనాల బొమ్మలు వేసేవారు. ఆ పిల్లల్లో కొందరు సరస్సులోని లంక గ్రామాల నుంచి వచ్చినవాళ్ళు. కొరమీను ఏ నెలలో గుడ్లు పెడుతుందో, మట్టగిడస ఏ నీటిలో బతుకుతుందో, మావు ఎటు తిప్పి పెడితే చేప దూరుతుందో వాళ్ళకు మేష్టారికంటే బాగా తెలుసు. ఆ తెలివికి మార్కులు లేవు. వాల్తేరు నుంచి వచ్చిన ప్రశ్నపత్రంలో కొల్లేరు ఉండదు.

1976లో గుంటూరు దగ్గర నాగార్జున విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు గుంటూరు, కృష్ణా, ప్రకాశం జిల్లాలు దాని కిందికి వెళ్ళాయి. పశ్చిమగోదావరి వాల్తేరుతోనే ఉండిపోయింది. ఆ గీత సరిగ్గా సరస్సు మీదుగా పోయింది. కైకలూరు వైపు పిల్లవాడికి నాగార్జున పట్టా, ఎదుటి ఒడ్డు పిల్లవాడికి ఆంధ్ర పట్టా. 2006లో రాజమండ్రిలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం, 2008లో మచిలీపట్నంలో కృష్ణా విశ్వవిద్యాలయం వచ్చాక రెండు పేర్లూ మారాయి, గీత చెరగలేదు. వేంగి నుంచి చాళుక్యుల సింహాసనం ఒకప్పుడు రాజమహేంద్రవరానికి తరలింది. ఆ సింహాసనం నీడన భారతం తెనిగించిన నన్నయ పేరున విశ్వవిద్యాలయం కూడా అక్కడే కూర్చుంది. తాడేపల్లిగూడెంలో దానికి ఒక ప్రాంగణం దక్కింది.

రెండు జిల్లాల మధ్య పడ్డ సరస్సును ఏ కలెక్టరూ పూర్తిగా తనది అనుకోలేదని కొల్లేటివాళ్ళు ఎప్పటి నుంచో చెప్పుకునేవారు. రెండు విశ్వవిద్యాలయాల మధ్య పడ్డదాని సంగతి అంతకంటే అన్యాయం, ఎందుకంటే అది ఎవరికీ ఫిర్యాదుగా కూడా తోచలేదు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చి కైకలూరు, నూజివీడు ఏలూరు జిల్లాలో కలిశాక, సరస్సులో ఎక్కువ భాగం ఒకే కలెక్టరు కిందికి వచ్చింది. చదువుల పటం మీద ఆ కలయిక ఇంకా జరగలేదు.

ఈ లోపు సరస్సుకు ఏమైందో అందరికీ తెలుసు. సముద్రమట్టానికి ఐదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు, పదో కాంటూరు దాకా 901. కాంటూరు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) అన్న భూగోళశాస్త్రం మాట ఇక్కడ చేపల రైతు నుంచి టీ కొట్టు మనిషి దాకా అందరి నోటా నానుతుంది. దాని మీదే వాళ్ళ చెరువు ఉంటుందో పోతుందో ఆధారపడి ఉంది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరదను పట్టి, నెమ్మదిగా ఉప్పుటేరు గుండా సముద్రానికి వదలడం సరస్సు పని. డెబ్బైల నుంచి గర్భంలో చేపల చెరువులు మొదలై, తొంభైల్లో గట్ల మీద గట్లు లేచాయి. 1999లో ఐదో కాంటూరు వరకు అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు కొట్టేశారు. ఆపైన కాంటూరు మూడుకు తగ్గించాలన్న ఒత్తిడి పెరిగింది. దాన్ని పరిశీలించడానికి కేంద్రం వేసిన నిపుణుల సంఘానికి అధ్యక్షుడు పి.ఎ. అజీజ్. ఆయన అప్పట్లో కోయంబత్తూరులోని సలీం అలీ పక్షిశాస్త్ర కేంద్రానికి అధిపతి. కాంటూరు తగ్గించవద్దని ఆ సంఘం చెప్పింది. ఆయన అర్హత గురించి సందేహం లేదు. నా ప్రశ్న వేరే. గూడబాతులు ఆటపాక చెట్ల మీద గూళ్ళు కడితే, వాటి సంగతి చెప్పడానికి కోయంబత్తూరు నుంచి రావలసి వచ్చింది. వందల ఎకరాల ప్రాంగణాలున్న మన దగ్గర నుంచి ఆ స్థాయిలో కొల్లేటి గొంతు ఎందుకు తయారు కాలేదు?

పరిశోధనలు లేవని కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయ భూగోళ శాస్త్రజ్ఞులు ఉపగ్రహ చిత్రాలతో సరస్సును కొలిచి, అందులో నలభై శాతానికి పైగా చేపల చెరువులే ఆక్రమించాయని 2004లో కరెంట్ సైన్స్ పత్రికలో రాశారు. ఈ వివాదంలో ఎవరికి ఏ మొహమాటమూ లేకుండా మాట్లాడిన పత్రం అది. అలాంటి పనులు ఇంకా ఉన్నాయి. అయితే అవి ఆయా ఆచార్యుల శ్రద్ధ. ఆచార్యుడు రిటైరైతే పని ఆగుతుంది. సరస్సు రిటైర్ కాదు.

నేలను అంటిపెట్టుకుని కూర్చున్న సంస్థ ఏం చేయగలదో చూడాలంటే పెనుమంట్ర మండలంలోని మార్టేరు వెళ్ళాలి. అక్కడి వరి పరిశోధనా కేంద్రం 1925లో మొదలైంది, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఒక ఏడాది పెద్ద. డెల్టా బురదలో, డెల్టా వానలో, డెల్టా తెగుళ్ళ మధ్య పంటను ఏళ్ళ తరబడి చూసి, లెక్క రాసి, ఎం.టి.యు. 7029 అనే రకాన్ని 1982లో విడుదల చేసింది. రైతులు దాన్ని స్వర్ణ అని పిలిచారు. అది పశ్చిమగోదావరితో ఆగలేదు. ఒడిశా, బెంగాల్, జార్ఖండ్ దాటి బంగ్లాదేశ్ పొలాల్లోకి పోయింది. 2009లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్ళు ఒడిశా నాటు వరి నుంచి తీసిన ముంపు తట్టుకునే జన్యువును స్వర్ణలో చేర్చి, రెండు వారాలు నీళ్ళలో మునిగినా చావని స్వర్ణ-సబ్1 ఇచ్చారు. మార్టేరు అన్న పేరు వినని రైతులు కోట్లమంది మార్టేరు విత్తనం తిన్నారు, అమ్మారు, పిల్లల్ని చదివించారు. ఒక పల్లెటూరి పొలం గట్టు మీద ప్రపంచానికి పనికొచ్చే జ్ఞానం పుట్టింది. పెదవేగిలో 1995 నుంచి ఉన్న ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ కూడా ఈ మెట్ట నేలను నమ్ముకునే నడిచింది. చుట్టూ ఆయిల్‌పామ్ తోటలు ఎంత పెరిగాయో జంగారెడ్డిగూడెం రోడ్డు మీద ప్రయాణించినవాళ్ళకు చెప్పనక్కరలేదు.

2007లో వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం వచ్చింది. కొబ్బరి, కోకో, జీడిమామిడి, అరటి దాని పరిధి. అక్కడి పని గురించి నాకు ఫిర్యాదు లేదు. రాష్ట్ర విభజన చట్టం ఇచ్చిన హామీల్లో ఒకటిగా 2015లో ఎన్‌ఐటీ తాడేపల్లిగూడెం చేరింది. వరంగల్ ఎన్‌ఐటీ పెద్దన్నగా ఉండి నడిపింది. వాసవి ఇంజినీరింగు కళాశాల గదుల్లో తొలి తరగతులు. తరవాత, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాశ్రయ భూముల్లో సొంత భవనాలు లేచాయి. నూజివీడు ట్రిపుల్‌ఐటీ 2008 నుంచి పల్లెటూరి ప్రభుత్వ బడి పిల్లలకు పదో తరగతి కాగానే ఆరేళ్ళ చదువు చెబుతోంది. మూడూ మంచివే. మూడింటిలో సివిల్ ఇంజినీరూ నేల శాస్త్రజ్ఞుడూ సాఫ్ట్‌వేరు పిల్లలూ ఉన్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచి, ఆ నీరంతా కొల్లేటికి దిగి, ఏలూరు–కైకలూరు రోడ్డు మునిగినప్పుడు పెదఎడ్లగాడి వంతెన దగ్గర నీటిమట్టం ఎంత ఉంది, రేపటికి ఎంత అవుతుంది అని లంక గ్రామాలవాళ్ళు ఒకరినొకరు అడుక్కున్నారు. నీరు ఎంత వేగంగా వస్తుందో, ఉప్పుటేరు ఎంత లాగుతుందో లెక్కకట్టే నమూనా ఒకటి తయారు చేయడం ఒక ఎన్‌ఐటీకి శక్తికి మించిన పని కాదు. అది ఫైనలియర్ ప్రాజెక్టులుగా నాలుగైదు బ్యాచ్‌ల పని.

ఇక్కడ దూరదేశం నుంచి ఒక ఉదాహరణ చెప్పాలి. అర్జెంటీనాలోని కోర్డోబా నగరంలో జెస్యూట్ మతగురువులు 1613లో విశ్వవిద్యాలయం పెట్టారు. ఊరికి ఆ దేశంలో విదుషి అన్న అర్థం వచ్చే ముద్దుపేరు ఉంది. అయినా రెండు వందల యాభై ఏళ్ళు అక్కడ చెప్పినవి యూరప్ నుంచి దిగిన పాఠాలే. 1871లో దేశాధ్యక్షుడు సార్మియెంటో అక్కడ ఖగోళ వేధశాల తెరిచాడు. దాన్ని నడిపిన అమెరికా ఖగోళవేత్త బెంజమిన్ గౌల్డ్, తన యువ సహాయకులతో కలిసి, కంటికి కనిపించే దక్షిణాకాశపు నక్షత్రాలను ఒక్కొక్కటిగా చూసి, కాంతి అంచనా వేసి పటం గీశాడు. యూరప్‌లో ఎంత గొప్ప దూరదర్శిని ఉన్నా ఆ ఆకాశం చాలావరకు అక్కడి నుంచి కనిపించదు. కోర్డోబాకు ఉన్న బలం దాని చోటే. ఆ చోటును చదవడం మొదలుపెట్టాక ప్రపంచం కోర్డోబా పుస్తకం తెరిచి చూసింది. 1918లో అదే ఊరి విద్యార్థులు తిరగబడి, పాలనలో తమకు భాగం కావాలన్నారు, ఆచార్య పదవులు వారసత్వంగా పోకూడదన్నారు. ఆ కదలికలోంచే విశ్వవిద్యాలయం గోడ దాటి ప్రజల దగ్గరికి వెళ్ళడం దాని విధి అన్న సూత్రం లాటిన్ అమెరికా అంతా పాకింది.

మన ఆకాశం కొల్లేరు. ఇంకెక్కడ నుంచీ కనిపించదు.

చేపల చదువు సంగతి తీసుకున్నా అంతే. దేశంలో చేపల ఉత్పత్తిలో మొదటి స్థానం మన రాష్ట్రానిది. ఆ స్థానానికి తొలి మెట్లు కొల్లేటి చెరువుల గట్లే. బొచ్చె, శీలావతి పెంపకాన్ని వ్యాపారంగా నిలబెట్టింది ఈ రైతులు, ఈ కూలీలు. మేత ఎంత వేయాలి, ఏ వేకువన చేప పైకి తేలి నోరు తెరుస్తుంది, ఆక్సిజన్ పడిపోతే ఏం చేయాలి అన్న సంగతులు వాళ్ళు నష్టపోయి నేర్చుకున్నారు. మత్స్యశాస్త్ర కళాశాల మాత్రం 1991లో నెల్లూరు జిల్లా ముత్తుకూరులో వచ్చింది. ఈ వైపు ఉండిలో పరిశోధన కేంద్రం, బాదంపూడిలో శిక్షణ కేంద్రం ఉన్నాయి; వాటి పరిమితి వాటిది. 2020లో మత్స్య విశ్వవిద్యాలయానికి చట్టం చేశారు. 2022 నవంబరులో నరసాపురంలో శంకుస్థాపన జరిగింది. అది పూర్తయి తలుపులు తెరవాలని గట్టిగా కోరుకునేవాళ్ళలో నేనొకణ్ణి. కానీ అందులో కొల్లేరును చేపలు పండే కుండీగా మాత్రమే చూసే శాఖ ఒక్కటే ఉంటే మళ్ళీ సగం చదువే అవుతుంది. చెరువు గట్టు మీద బతికే కూలీ, గట్టు కొట్టాలనే అటవీ అధికారి, గూడబాతు, తమ్మిలేటి వరద ఒకే తరగతి గదిలో పాఠం కావాలి.

కొత్త విశ్వవిద్యాలయం ఇవ్వమని నేను అడగడం లేదు. ఉన్నవి చాలు. నన్నయ, కృష్ణా విశ్వవిద్యాలయాలు రెండూ కలిసి ఒక కొల్లేరు అధ్యయన శాఖ పెట్టుకోవడానికి చట్టం అడ్డురాదు. 1926లో బెజవాడలో కూర్చుని తెలుగు జిల్లాలకు ఒక విశ్వవిద్యాలయం నడపగలిగినవాళ్ళ మనవలం, సరస్సు చుట్టూ రెండు సంస్థలను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టలేమా? పాత సర్వే పటాలు, కాలవల శాఖ లాకుల రిజిస్టర్లు, 2006 నాటి గట్ల జాబితాలు, పరిశోధకుల సిద్ధాంత గ్రంథాలు ఏలూరులో ఒకచోట చేరాలి. ఇప్పుడు సెయింట్ థెరిసా వంటి కళాశాలలకు స్వయంప్రతిపత్తి ఉంది. సిలబస్ కొంత తామే రాసుకోవచ్చు. వాల్తేరు ప్రశ్నపత్రం అన్న పాత సాకు ఇక చెల్లదు.

మొదలు ఎక్కడంటే, డిగ్రీ రసాయనశాస్త్ర ప్రయోగశాలలోనే. నీటిలో కరిగిన ఆక్సిజన్ కొలిచే వింక్లర్ పద్ధతికి కావలసినవి మూత బిగుతుగా పట్టే సీసాలు, మాంగనస్ సల్ఫేటు, ఆల్కలైన్ అయొడైడు, కొంచెం ఆమ్లం, థయోసల్ఫేటు, గంజి ద్రావణం, ఒక బ్యూరెట్. బి.ఎస్సీ. పిల్లలకు ఇవన్నీ చేతికి అలవాటైనవే. ప్రతి నెలా మొదటి శనివారం నలుగురు పిల్లలు నాలుగు చోట్ల నీళ్ళు పట్టాలి. తమ్మిలేరు సరస్సులో కలిసేచోట ఒక సీసా, బుడమేరు కలిసేచోట ఒకటి, పెదఎడ్లగాడి వంతెన కింద ఒకటి, ఆకివీడు దగ్గర ఉప్పుటేటిలో ఒకటి. సీసా నిండగానే ఒడ్డునే మొదటి రెండు మందులూ వేసి మూత బిగించాలి, లేకపోతే బస్సు దిగేసరికి లెక్క మారిపోతుంది. వేసవిలో ఉప్పుటేటి సీసాలో ఉప్పు కూడా చూడాలి, సముద్రపు పోటు ఎంత పైకి ఎక్కుతోందో తెలుస్తుంది. అంకెలు ఒక పుస్తకంలో రాసి, తేదీ వేసి, ఆ బ్యాచ్ వెళ్ళిపోయేటప్పుడు కింది బ్యాచ్‌కు అప్పగించాలి. ఏలూరు బస్టాండులో కైకలూరు బస్సు తెల్లవారేసరికే దొరుకుతుంది.